నలభై నిమిషాల నడక

"తెచ్చింది నువ్వే కదమ్మా. పంపించేయాలన్న మాట కూడా నువ్వే చెప్పు. నన్ను మాత్రం చెప్పమనకు."

అత్తగారు ఆ మాట అంటూనే వంటగట్టు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది.

కోడలి ఒళ్ళో నాలుగేళ్ళ కూతురు చిట్టి కూర్చుని ఉంది. పిల్ల ముక్కూ నోరూ మూసేస్తూ ఓ ప్లాస్టిక్ మాస్కు. దానికి గొట్టం, గొట్టం చివర గుర్రుమంటున్న నెబ్యులైజరు. ఈ నెలలో ఇది నాలుగోసారి. ఆస్పత్రిలో రోజుకి పదిమంది పిల్లలకి ఇలాంటి మాస్కు పెట్టే నర్సు ఆమె. అక్కడ ఒక్క చెయ్యి చాలు. ఇక్కడ మాస్కు సరిగ్గా అదిమి పట్టుకోవడానికి రెండో చెయ్యి కూడా కావలసి వస్తోంది.

బల్ల మీద నిన్నటి ఎలర్జీ పరీక్ష రిపోర్టు ఉంది. కుక్క బొచ్చు అన్న చోట డాక్టరు ఎర్ర పెన్నుతో రెండుసార్లు గీత గీశాడు.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాడు ఆమె భర్త. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. పనిముట్ల సంచి భుజాన వేసుకుని, బూట్లు కూడా తొడుక్కుని, గుమ్మం దాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయాడు. "కుక్కని పంపేసి, ఇల్లంతా కడిగి, పరుపులు మార్చి నెల రోజులు చూడమన్నాడు. పిల్ల ఊపిరికన్నా ఎక్కువా అది?"

"ఎక్కువని ఎవరన్నార్రా? మీ నాన్న సంగతేమిటని అడుగుతున్నాను."

"నాన్న నడవడానికి కుక్క దేనికమ్మా? కాళ్ళు ఆయనవే కదా!"

"ఆ కాళ్ళు ఏడు నెలలు కుర్చీ దిగలేదు. మర్చిపోయావా?" అత్తగారు గుడ్డ గట్టు మీద పడేసి వెనక్కి తిరిగింది. "గుండెకి స్టెంటు వేసి పంపించినప్పుడు ఎంతమంది చెప్పలేదు నడవమని! డాక్టర్లు చెప్పారు, నువ్వు చెప్పావు, నేను కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. గేటు దాకా వెళ్ళి వచ్చేసేవారు. 'బస్సు లేకుండా రోడ్డు మీద నాకేం పని' అనేవారు. ఆ కండక్టరుగాడు వచ్చాకే కదా మనిషి మనిషయ్యింది!"

కండక్టరంటే కుక్క. ఇరవై తొమ్మిదేళ్ళు సిటీ బస్సు నడిపిన మామగారు పెట్టిన పేరది. ఏడాదిన్నర కిందట కోడలు తన డ్యూటీ సంచిలో చెవులు వేలాడే ఆ గోధుమరంగు కుక్కపిల్లని తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర వదిలితే, పది నిమిషాలు దాన్ని తేరిపార చూసి, "డ్రైవరున్నచోట కండక్టరు ఉండాల్సిందే" అన్నాడాయన. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన వేసిన మొదటి జోకు అదే.

అప్పట్నుంచి పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం అరగంట. వానొచ్చినా ఆగలేదు. ఆరు కిలోలు తగ్గాడు. చక్కెర అదుపులోకొచ్చింది. బీపీకి వేసుకునే రెండు మాత్రల్లో ఒకటి డాక్టరే తీసేశాడు. పడుకుంటే నిద్రపడుతోంది. దారిలో కనిపించినవాళ్ళతో కబుర్లు మొదలుపెట్టాడు. ఇప్పుడు డిపోలో విడిభాగాల గదిలో కూర్చుని నట్లూ బోల్టులూ ఇచ్చే పని చేస్తున్నాడు గానీ, వచ్చే నెల డిపో డాక్టరు మళ్ళీ పరీక్ష చేసి బస్సు ఇవ్వాలో వద్దో తేల్చబోతున్నాడు. ఆ తారీఖు కోసం ఆయన చిన్నపిల్లాడిలా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నాడు.

"కింద గేటు దగ్గర కట్టేద్దామంటే ఇంటి ఓనర్లు ఒప్పుకోలేదు," అంది కోడలు మెల్లిగా. "డిపోలోనూ కుదరదన్నారు. వారానికి రెండుసార్లు స్నానం చేయించాం. బాల్కనీ దాటి లోపలికి రానివ్వలేదు. కర్టెన్లు తీసేశాం. ఇంకేం చెయ్యాలో నాకూ తెలియట్లేదత్తయ్యా."

"నాకు మాత్రం తెలుసా?"

అత్తగారు గుడ్డ మళ్ళీ అందుకుంది. మెషిను ఇంకా గుర్రుమంటూనే ఉంది.

అప్పుడు బాల్కనీ తలుపు తెరుచుకుంది. మామగారు ఒక్కరే లోపలికి వచ్చి, వెనకాల తలుపు జాగ్రత్తగా మూసి గడియ పెట్టాడు. ఇంతసేపూ ఆయన అక్కడే ఉన్నాడు. ఆ తలుపు పలచటి రేకుది. ఇందాకటి మాటల్లో ఒక్కటి కూడా ఆయన చెవిన పడకుండా పోయే వీల్లేదు.

ఆయన ముందు చేతులు కడుక్కున్నాడు. చొక్కా విప్పి మార్చుకున్నాడు. పిల్ల దగ్గరికి వెళ్ళే ముందు అలా చెయ్యాలని కోడలు చెప్పినప్పట్నుంచి ఒక్కపూట కూడా మరవలేదు.

"మన బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడే, వాడితో మాట్లాడాను," అన్నాడు. "చివరి స్టాపు దాటాక వాడి ఇల్లు. పెద్ద దొడ్డి ఉంది. ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు."

"నాన్నా..." అన్నాడు కొడుకు.

"నీకు టైమవుతోంది, వెళ్ళు. లిఫ్టులో ఎవరో ఇరుక్కుని ఉంటారు."

కోడలు ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి వద్దన్నాడు. చిట్టి పక్కన కూర్చుని, మాస్కు మీద వేలితో తట్టి, "ఎవరీ పైలటు?" అన్నాడు.

*

ఆదివారం స్నేహితుడు ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. ఇద్దరూ కలిసి పదకొండేళ్ళు ఒకే బస్సులో పనిచేశారు. ఆయన ఆటో దిగుతూనే కుక్కని చూసి, "నా పేరు పెట్టుకుని నన్నే కరుస్తుందేమోరా ఇది!" అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు. ఆయనకీ అర్థమై ఊరుకున్నాడు.

చిట్టిని పైనే ఉంచారు. అత్తగారు మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తోంది. కోడలు మాత్రం గిన్నె, గొలుసు, పాత దుప్పటి పట్టుకుని కిందికి దిగింది.

మామగారు స్నేహితుడికి జాగ్రత్తలు చెబుతున్నాడు. "పొద్దున నలభై నిమిషాలు తిప్పాలి. ముప్ఫై చాల్లే అనుకోకు. సాయంత్రం అరగంట. మోటారుసైకిలు చప్పుడైతే ఎడమవైపుకి లాగుతాడు, చెయ్యి గట్టిగా పట్టుకో. ఒక్కరోజు మానేశావంటే రెండోరోజు బద్ధకిస్తాడు. కూర్చోబెట్టి తిండి పెట్టావంటే బరువు పెరిగిపోతాడు. బరువు పెరిగితే వీడి జాతికి గుండె మీద పడుతుందట."

"సరేరా, సరే."

"సరే అనడం కాదు. నీకూ మంచిదే. నీ పొట్ట చూసుకో ఓసారి."

"తిప్పుతాన్రా బాబూ. నువ్వు అప్పుడప్పుడూ వచ్చి చూసుకో."

"రాను," అన్నాడు మామగారు. "వస్తే బట్టలకి బొచ్చు అంటుకుంటుంది. పిల్ల ఉందిగా ఇంట్లో."

కండక్టరు ఆటోలోకి తనంతట తనే ఎక్కేసింది. ఎక్కడికో తిప్పడానికి తీసుకెళ్తున్నారనుకుంది కాబోలు, తోక ఊపుతూ ఆయన కూడా ఎక్కుతాడని చూసింది. ఆటో కదిలాక ఒక్కసారి మొరిగింది. ఆయన చెయ్యి సగం లేచి ఆగిపోయింది.

ఆ పక్కనే కోడలు నిలబడి ఉంది. గిన్నె ఇవ్వడం మర్చిపోయి ఇంకా చేత్తోనే పట్టుకుంది.

"పద తల్లీ," అన్నాడాయన. "పరుపులు కిందికి దించాలిగా."

*

పరుపులు మారాయి. గోడలు కడిగారు. సోఫా కుర్చీల గుడ్డ చింపి కొత్తది వేయించారు. పదో రోజుకి చిట్టి దగ్గు తగ్గింది. పధ్నాలుగో రోజున మెషిను అటక ఎక్కింది. రెండో వారం చివర్లో ఓ పొద్దున, పిల్ల నోరు మూసుకుని ముక్కుతోనే గాలి పీలుస్తూ పడుకుని ఉంటే, కోడలు మంచం పక్కన నేల మీద కూర్చుని చాలాసేపు చూసింది. డాక్టరు చెప్పింది నిజమే. ఇందులో ఇంక అనుమానం లేదు.

ఆ సంతోషాన్ని ఎవరూ పైకి అనలేదు. మామగారు ఇంట్లో ఉన్నప్పుడు అసలే అనలేదు. ఆయనే అన్నాడు, "చూశారా, ఎంత హాయిగా పడుకుందో!" అని.

ఆయన నడక ఆగకూడదని ఇంటిల్లిపాదీ పూనుకున్నారు. మొదటి సోమవారం అత్తగారు తోడు బయల్దేరింది. బేకరీ కౌంటర్లో రోజంతా నిలబడే మనిషి, మోకాళ్ళు అంతంతమాత్రం.

"ఏమండీ, కాస్త మెల్లిగా."

"ఇంతకన్నా మెల్లిగా అంటే నిలబడటమే."

"అయితే నిలబడండి. నేనేమైనా కుక్కనా, లాక్కెళ్ళడానికి!"

అన్నాక ఆమె నాలిక్కరుచుకుంది. నాలుగో రోజుకి ఆమె మోకాళ్ళు వాచాయి.

తర్వాత కొడుకు వెళ్ళాడు. రెండో రోజే ఫోనొచ్చింది, ఏదో క్లినిక్కులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిందని. "ఇప్పుడే వస్తా నాన్నా, మీరు నడుస్తూ ఉండండి" అని పరిగెత్తాడు. కోడలికి ఆ నెలంతా నైట్ డ్యూటీ. ఆమె ఇంటికొచ్చేసరికి ఆయన డిపోకి బయల్దేరే వేళవుతుంది.

"నాకెవరూ తోడు అక్కర్లేదు," అన్నాడాయన చివరికి. "ఈ ఊళ్ళో ప్రతి సందూ తెలిసినవాణ్ణి. తప్పిపోనులే."

అలాగే రోజూ ఆరింటికి బూట్లు వేసుకుని వెళ్ళేవాడు. ఆరూ నలభైకి తిరిగొచ్చేవాడు. గడియారం చూసుకోనక్కర్లేదు. అత్తగారు తృప్తిగా కాఫీ కలిపి ఇచ్చేది.

*

మూడో వారం బుధవారం పొద్దున డ్యూటీ గంట ముందే అయిపోయింది, ఆస్పత్రి వ్యాను ఇంకా రాలేదు. కోడలు సిటీ బస్సెక్కి వచ్చింది. ఇంటి వెనక వీధిలో ఉన్న స్టాపులో బస్సు ఆగుతుంటే కిటికీలోంచి చూసింది. స్టాపులో బెంచీ మీద మామగారు కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వచ్చే పోయే బస్సుల్ని చూస్తున్నాడు. ఆమె ఎక్కిన బస్సు డ్రైవరు ఆయన్ని గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. ఆయనా ఊపాడు.

ఆమె దిగి ఎదురుగా నిలబడింది.

"మామయ్యా."

ఆయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "ఇప్పుడేనమ్మా కూర్చుంది. నడిచి నడిచి..."

ఆయన చొక్కా మీద చెమట చుక్క లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

"మొదట్లో పార్కు దాకా వెళ్ళేవాణ్ణి."

"తర్వాత?"

"తర్వాత ఇక్కడి దాకా."

"ఇల్లు ఇక్కణ్ణుంచి మూడొందల అడుగులు కూడా ఉండదు మామయ్యా."

"మూడొందల పన్నెండు," అన్నాడాయన.

ఆమె పక్కన కూర్చుంది. డ్యూటీ సంచి ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా స్కూలు గేటు తెరుస్తున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఇటు చూసి తల ఊపాడు.

"అదిగో, అతనూ అడిగాడు," అన్నాడు మామగారు. "వాడేడీ, వాడేడీ అని అందరూ అదే అడుగుతారు. పాల బూత్ ఆవిడ అడిగింది. చెప్పుల షాపాయన అడిగాడు. ఏం చెప్పను? పిల్లకి పడలేదంటే పిల్ల మీద నింద వేసినట్టుంటుంది. ఊరికి పంపానని చెప్పాను. ఎప్పుడొస్తాడని అడిగితే మళ్ళీ ఇంకో అబద్ధం. అందుకని ఆ వీధిలోకే వెళ్ళడం మానేశాను."

"ఇంకో వీధిలో నడవచ్చుగా?"

"నడవచ్చు." బస్సొకటి వెళ్తుంటే అటు చూశాడు. "వాడుంటే నేను నడుస్తున్నానన్న సంగతే తెలిసేది కాదమ్మా. వాడికి బోలెడు పని. ప్రతి స్తంభం దగ్గరా పనే, ప్రతి గోడ దగ్గరా పనే. వాడి పని మీద నేను వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు నా గుండె కోసం నేను నడవాలి. అడుగు తీసి అడుగు వేస్తే గుండే గుర్తొస్తోంది. అది ఆగిపోతుందేమోనని నేనే ముందు ఆగిపోతున్నాను. సిగ్గేస్తోంది చెప్పుకోవాలంటే. బస్సెడు మనుషుల్ని తీసుకెళ్ళినవాణ్ణి, నన్ను నేను పార్కు దాకా తీసుకెళ్ళలేకపోతున్నాను."

కోడలికి చెప్పడానికి మాటలున్నాయి. ఆస్పత్రిలో రోజూ చెప్పేవే. రోజుకి అరగంట నడిస్తే రక్తపోటు తగ్గుతుంది, కీళ్ళు వదులవుతాయి, మనసు తేలికపడుతుంది. ఆయనకి అవన్నీ తనకన్నా బాగా తెలుసు. ఏడాదిన్నర ఒంటి మీద చూసుకున్నాడు.

"ఇంటికి పదండి, బీపీ చూస్తాను," అంది.

*

అత్తగారు వంటగదిలో ఉంది. కోడలు ఆయన్ని తన గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసింది. చేతికి పట్టీ చుట్టి మీట నొక్కింది.

నూట అరవై ఎనిమిది, కింద నూట నాలుగు.

ఐదు నిమిషాలాగి మళ్ళీ చూసింది. రెండు తగ్గింది, అంతే.

"ఈరోజే డాక్టరు దగ్గరికి వెళ్దాం మామయ్యా."

"వెళ్తే ఆపేసిన మాత్ర మళ్ళీ రాస్తాడు. డిపో డాక్టరు ముందు అడిగేదే మందుల చీటీ. అది చూస్తే జన్మంతా నట్లూ బోల్టులే నాకు." పట్టీ తనే విప్పుకున్నాడు. "పరీక్షకింకా పదకొండు రోజులుంది. ఈలోపు ఎలాగో నడుస్తాను."

"ఇన్ని రోజులుగా అదే అనుకుంటున్నారు కదా?"

ఆయన విప్పిన పట్టీని చుట్ట చుట్టాడు.

"ఒకటి అడుగుతాను. కోప్పడకండి," అంది కోడలు. "నేను చిట్టిని తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్తాను. అక్కడా ఆస్పత్రులున్నాయి, ఎక్కడో ఒకచోట ఉద్యోగం దొరుకుతుంది. ఓ ఆరు నెలలు. కండక్టరుని తెచ్చుకోండి. మీ ఆరోగ్యం కుదుటపడ్డాక..."

"పడ్డాక? మళ్ళీ వాణ్ణి పంపించి మిమ్మల్ని పిలవాలా?" ఆయన గొంతు పెరగలేదు. "నా నడక కోసం పిల్లకి తండ్రిని దూరం చేస్తావా? ఆ మాట ఇంకెప్పుడూ అనకు. మీ ఆయనతో కూడా అనకు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు తల్లీ. రెండుసార్లూ సరైనదే చేశావు. అదే కదా వచ్చిన చిక్కు."

తలుపు ధడాలున తెరుచుకుంది. అత్తగారు. చేతిలో ఫోను, మొహం నిండా వెలుగు.

"డిపో నుంచి చేశారండీ! మీరు ఎత్తట్లేదని నాకు చేశారు. ఆ డాక్టరు సెలవు మీద వెళ్తున్నాడట. అందుకని పరీక్షలన్నీ ముందుకి జరిపారట. మిమ్మల్ని రేపే రమ్మన్నారు, పదింటికి!"

"రేపా?" అంది కోడలు.

"రేపైతేనేం? ఇంకా పదకొండు రోజులు ఎదురుచూడక్కర్లేదు. రోజూ గడియారం పెట్టినట్టు నడుస్తూనే ఉన్నారుగా." ఆమె చూపు మంచం మీది మెషిను మీద పడింది. "చూశావా? ఎంతుంది?"

అంకెలు అప్పటికే ఆరిపోయాయి.

"ఇంకా చూడలేదు," అన్నాడు మామగారు.

"చూసినా చూడకపోయినా ఒకటేలే, బాగానే ఉంటుంది. రేపు పగలు నీకు సెలవే కదమ్మా? నువ్వు వెళ్ళు ఆయనతో. ఇంట్లో నర్సు ఉంది, రోజూ చూసుకుంటోంది అంటే వాళ్ళకీ నమ్మకంగా ఉంటుంది. ఆ యూనిఫాం ఎక్కడ పెట్టానో ఏమిటో... రెండేళ్ళయింది తీసి." మాట్లాడుతూనే వెళ్ళిపోయింది. పక్కగదిలో బీరువా తలుపు కిర్రుమంది.

ఆమె వెనకాలే చిట్టి దూసుకొచ్చింది. మంచమెక్కి గెంతడం మొదలుపెట్టింది.

"తాతా, నేను కింద నుంచి పైదాకా పరిగెత్తాను. ఒక్కసారి కూడా ఆగలేదు. దగ్గు రాలేదు తెలుసా?"

"నిజంగానే?" అన్నాడాయన. "మళ్ళీ ఓసారి చెప్పు."

"దగ్గు రా-లే-దు!"

"నా తల్లే!" అని పిల్లని దగ్గరికి తీసుకుని, తల మీదుగా కోడలి వైపు చూశాడు. "రేపు అక్కడ ఎక్కువ చూపిస్తే, కంగారు వల్లేమోనని వాళ్ళు నిన్నే అడుగుతారు. ఇంట్లో ఎంత ఉంటోందని."

"అడుగుతారు."

"ఏం చెప్తావమ్మా?"

ఆ అడగడంలో బెదిరింపు లేదు, బతిమాలడం కూడా లేదు. నిజంగానే తెలియక అడిగినట్టుంది. ఆమె ఆయన మొహంలోకి చూసింది. నిజం చెబితే ఆయనకి బస్సు పోతుంది. దాచితే ఆ చేతికి బస్సెడు మనుషుల్ని అప్పగించినట్టు. చిట్టి ఆయన చేతుల్లోంచి జారి మళ్ళీ గెంతుతోంది. మంచం ఊగిపోతోంది.

"అమ్మాయ్, ఓసారి ఇలా రా," అని పక్కగదిలోంచి అత్తగారి కేక. "ఈ చొక్కా ఇప్పుడు ఈయనకి వదులవుతుందేమో చూద్దువుగాని!"

"వస్తున్నానత్తయ్యా," అంది కోడలు.

అందే కానీ, లేవలేకపోయింది.